మద్దిలేటి ఇట్ల అనడు

నమోదు 1

క్లాసు లీడరు రోజూ క్లాసు సంగతులు ఈ యంత్రానికి చెప్పి నమోదు చేయించాలట. పోయినేటి లీడరు సంవత్సరం పొడుగునా "అంతా బాగుంది" అని ఒకటే మాట చెప్పి గట్టెక్కాడు. నాకు అంత పొదుపుగా మాట్లాడడం చేతకాదు. ఇది ఎవరూ వినరని వాడే చెప్పాడు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

నా పేరు దస్తగిరమ్మ, అందరూ గిరి అంటారు. మా క్లాసు బేతంచెర్లలో రాయి తీసేసిన పాత నాపరాళ్ళ గనిలో జరుగుతుంది. పైన పెనం కాలినట్టు కాలుతున్నా అంత లోతులో చల్లగానే ఉంటుంది. యూనివర్సిటీ దానికేదో పెద్ద పేరు పెట్టింది, మేము మాత్రం గుంత అంటాం. చీకటి ఉండగానే లేచి గుంత మూతికి వేలాడదీసిన గోనెపట్టాలన్నీ నీళ్ళతో తడపడం లీడరు పని. ఎండ సైరన్ మోగేలోపల క్లాసు అయిపోవాలి, ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఎండ తగలకుండా చుట్టూ కప్పిన ముసుగుబండి ఎక్కేయాలి. సైరన్ మోగాక రోడ్డు మీద కుక్క కూడా కనిపించదు.

ఈ రోజు మద్దిలేటి మళ్ళీ ఆలస్యం. వాడు నా జత. గుంతలో ఒక్కో రాతిబల్ల మీద ఇద్దరు కూర్చుంటాం, ఆ ఇద్దరినీ జత అంటారు. వాడు కొలిమిగుండ్ల నుంచి రావాలి. వేడికి తడిపి తొడుక్కున్న చొక్కా నీళ్ళు కారుతుండగా వచ్చి కూలబడ్డాడు.

"బండోడు నిద్రపోయినాడప్పా" అన్నాడు.

"బండోడు నిద్రపోతే నీ మొగం మీద దిండు గీతలెందుకు పడినాయిరా?"

నవ్వాడు. వాడు నవ్వితే నాకు ఉక్రోషం పోతుంది, అదే నాకొచ్చిన తంటా. చెప్పేస్తున్నా, వాడంటే నాకు ప్రాణం. వాడికింకా చెప్పలేదు. చెబుతాను. రోజూ పక్కనే కూర్చుంటాడు కదా, తొందరేముంది?

అనుకుంటూనే ఉన్నాను, కుళ్ళాయప్ప సారు నీళ్ళ ఊట పాఠం మధ్యలో ఆపేశారు. గుంతలో క్లాసులు కొనసాగించాలా, అందరూ ఇంటి నుంచే తెర మీద చదువుకోవాలా అని యూనివర్సిటీ మా అభిప్రాయం అడుగుతోందట. నా గుండెల్లో రాయి పడింది.

నమోదు 2

లీడరునని అందరి దగ్గరికీ వెళ్ళి అడిగాను. అడిగాననడం కంటే పోట్లాడాననడం నిజం.

హుసేన్‌బీ అక్క మాకందరికీ పెద్దది, చంటిబిడ్డ తల్లి. "నాకు తెరే కావాల గిరీ. బిడ్డను తడిగుడ్డలో సుట్టుకోని ఆ బండిలో వచ్చాంటే పానం అరచేతిలో పెట్టుకోని వచ్చా. ఇంట్లో ఐతే ఒళ్ళో ఏసుకోని పాఠం ఇంటా" అంది. ఏమనగలను? ఆ బిడ్డ వీపు మీద చెమటకాయలు నేను చూశాను.

ఇంకొకతను గుంతే కావాలన్నాడు. వాళ్ళింట్లో ఒకటే గదిలో తొమ్మండుగురు ఉంటారు, గుంతలో మాత్రమే తన ఆలోచన తనకు వినబడుతుందట. ఇంకో అమ్మాయి, ఎదురుగా సారు లేకపోతే తను పుస్తకం తెరవదని నిజాయితీగా ఒప్పుకుంది. ఆమెను కౌగిలించుకున్నాను.

చివరికి మా జత దగ్గరికొచ్చాను. మద్దిలేటి ఉగ్గాని తింటూ, మిరపకాయ బజ్జీ నా వైపు తోసి అన్నాడు, "నేను తెరకే నిలబడ్తా మే."

"ఏమంటివి?"

"నీకేం, హాస్టల్లో ఉండావు. నేను అద్దరాత్తిరి లేసి బండెక్కాల. ఈడికొచ్చేసరికి సగం సచ్చా. మిగిలిన సగానికి సారు పాఠం యాడ ఎక్కతాది చెప్పు?"

"సోమరి సచ్చినోడా! మనుషుల మొగాలు సూడకుండా అదేం సదువురా?"

"తెరలో గూడా మొగాలు ఉంటాయి కదమే."

బజ్జీ వాడి కంచంలోకే విసిరేసి వచ్చేశాను. వాడు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, అదే నాకు మంటగా ఉంది. నేను గుంత గురించి మాట్లాడడం లేదని వాడికెట్లా తెలుస్తుంది?

నమోదు 5

ఈ రోజు తేలిపోయింది.

గుంతలో రహస్యంగా ఓటు వేయడం లేదు. లేచి నిలబడి, అందరికీ ముఖం చూపించి చెప్పాలి. తెరకు నిలబడినవాళ్ళలో మద్దిలేటి ముందే లేచాడు. నా వైపు చూడలేదు. మాకంటే వాళ్ళే చాలా ఎక్కువమంది.

తర్వాత రెండో ప్రశ్న. మా ఊళ్ళల్లో ఎండ ముదిరితే కరెంటు పోతుంది. కరెంటు పోయినవాళ్ళు క్లాసు తప్పిపోకుండా యూనివర్సిటీ ఒక్కొక్కరికీ ఒక బొమ్మను ఇస్తుంది. మనిషి రాలేనప్పుడు ఆ బొమ్మ అదే ముఖంతో, అదే గొంతుతో తెర మీద కూర్చుని పలుకుతుంది, పాఠం రాసుకుంటుంది. తెర మీద ఉన్నది మనిషో బొమ్మో తెలిసేలా నుదుట ఒక చుక్క పెట్టాలా వద్దా అన్నది ప్రశ్న.

నేనే లేచాను. "వద్దు సార్. సుక్క పెడితే కరెంటు లేని ఊరోళ్ళు దినామూ సుక్కతో కూసోవాల. మేము బీదోళ్ళం అని నుదుట రాసినట్ల కాదా?" అన్నాను. కొలిమిగుండ్లలో వారంలో సగం రోజులు కరెంటు ఉండదు. నా కళ్ళ ముందు ఒకే ఒక్క ముఖం మెదిలింది. అందరూ చప్పట్లు కొట్టి నా వెంట లేచి నిలబడ్డారు. చుక్క లేదు.

బయటికి వస్తుంటే మద్దిలేటి నా భుజం తట్టాడు. "బాగా సెప్తివి లీడరూ" అన్నాడు. ఓడిపోయిన దానిననే సంగతి కాసేపు మరిచిపోయాను.

నమోదు 7

బొమ్మలకు మాటలు నేర్పుతున్నాం. ఎవరి బొమ్మకు వాళ్ళే నేర్పితే గొప్పలు చెప్పుకుంటారని, జతలో ఒకరి బొమ్మకు ఇంకొకరు నేర్పాలన్నది మా యూనివర్సిటీ పద్ధతి. యంత్రం అడుగుతుంది, మనం జవాబు చెప్పాలి.

"మద్దిలేటి ఆలస్యంగా వస్తే ఏమంటాడు?"

"బండోడు నిద్రపోయినాడప్పా అంటాడు."

"పాఠం అర్థం కాకపోతే?"

"సార్, ఇంగోసారి నిదానంగా అంటాడు. ఆ తర్వాత నన్ను గిల్లి నీకర్థమైందా అంటాడు."

ఇట్లా బోలెడు. వాడి దగ్గు, వాడి ఊతపదాలు, లెక్క తప్పినప్పుడు నాలుక కరుచుకోవడం, అన్నీ చెప్పాను. పక్కన వాడు నా బొమ్మకు నేర్పుతూ పగలబడి నవ్వుతున్నాడు. అంతా తిట్లే నేర్పి ఉంటాడు, వెధవ.

అప్పుడు యంత్రం అడిగింది, "గిరి ఏడిస్తే మద్దిలేటి ఏమంటాడు?"

వాడి ముందు నేనెప్పుడూ ఏడవలేదు. ఏం చెప్పాలి? తెలియదంటే యంత్రం ముందుకు కదలదు. గొంతు తగ్గించి చెప్పాను, "నేనుండా కదమే అంటాడు."

"గిరి క్లాసుకు రాకపోతే?"

"నువ్వు లేకపోతే నాకేం బాగలేదు మే అంటాడు."

"గిరిని ఒంటరిగా పలకరిస్తే ఏమని పిలుస్తాడు?"

చెప్పాను. అది ఇక్కడ చెప్పను, నమోదుకు కూడా కొంచెం సిగ్గుండాలి. ఊహించి చెప్పానంతే, వాడి మనసులో ఏముందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

నమోదు 11

గుంత మూసేశారు. గోనెపట్టాలు నేనే విప్పి మడతపెట్టాను. కుళ్ళాయప్ప సారు ఖాళీ బల్లలన్నీ ఒక్కొక్కటే తడుముతూ తిరిగారు.

"మీకే పద్ధతి ఇష్టం సార్?" అని అడిగాను. సారును ఎవరూ అడగలేదని అప్పుడే తోచింది.

"నాకు ఓటు లేదు కదమ్మా" అన్నారు. "ఎదురుగా కూసున్నోని మొగం సూసి, అర్థం కాలేదని నాకే తెలిసేది. అడగాల్సిన పని ఉండేది కాదు."

ముసుగుబండి దగ్గర మద్దిలేటికి చెప్పేద్దామనే వెళ్ళాను. నిజంగా. వాడు బండి మెట్టు మీద నిలబడి, "మా ఊరికి కొత్త లైను ఏసినారు మే. ఇంగ కరెంటు పోదు. దినామూ తెరలో కనబడ్తా, నువ్వు తిట్టొచ్చు" అన్నాడు. హుసేన్‌బీ అక్క బిడ్డ ఏడుపు, బండివాడి అరుపులు. రేపు తెరలో చెబుదాంలే అనుకున్నాను. చెయ్యి ఊపాను.

నమోదు 19

నా మాట నేనే వెనక్కి తీసుకుంటున్నాను. తెర క్లాసు అంత పాడు కాదు.

మద్దిలేటి ఒక్క రోజు కూడా తప్పడం లేదు, ఆలస్యం కూడా లేదు. ఇక్కడ కూడా మా ఇద్దరిదీ పక్కపక్క చోటే. క్లాసు అయిపోయాక జతలు కాసేపు మాట్లాడుకోవచ్చు. మొన్న ఇంటి నుంచి అమ్మకు జ్వరమని కబురొచ్చి, ఎండలకు బండ్లు ఆపేయడంతో వెళ్ళలేక ఏడ్చాను. తెరలో వాడు నన్నే చూస్తూ మెల్లగా అన్నాడు, "నేనుండా కదమే."

అచ్చం అదే మాట! నేను బొమ్మకు చెప్పిన మాటే, వాడి నోటి నుంచి. నేను సరిగ్గానే ఊహించానన్నమాట. వాడి గుండెలోకి తొంగి చూసి చెప్పినట్టు చెప్పాను. ఆ రోజు అన్నం తినలేదు, ఆకలే వేయలేదు.

నమోదు 33

అమ్మకు నయమైంది.

నిన్న నేను క్లాసుకు రాలేదు, తల నొప్పి. ఈ రోజు రాగానే వాడన్నాడు, "నువ్వు లేకపోతే నాకేం బాగలేదు మే." తర్వాత నన్ను పిలిచాడు, ఆ పేరుతో. చెప్పనన్నాను కదా, ఆ పేరుతో.

నేను కూడా చెప్పేశాను. "నువ్వంటే నాకు పానంరా" అన్నాను. వాడు నవ్వాడు. "నాకు తెల్సు మే" అన్నాడు.

హాస్టల్ వరండాలో నీళ్ళ పీపా చుట్టూ పిచ్చిదానిలా తిరిగాను. వార్డెనమ్మ ఏమైందే అంటే ఏమీ లేదన్నాను.

నమోదు 46

ఒక్కటే బాధ. కలుద్దాం రా అంటే, "కలుద్దాంలే మే, తొందరేముంది" అంటాడు. పొద్దున ఏం తిన్నావురా అంటే "ఉగ్గాని" అంటాడు, ఎప్పుడడిగినా ఉగ్గానే. మీ ఊరి కొత్త లైను ఎట్లుంది అంటే, సారు చెప్పిన పాఠంలోకి మాట తిప్పేస్తాడు. సిగ్గుపడుతున్నాడేమో. ఇంట్లో ఎవరైనా వింటున్నారేమో.

వానలు మొదలయ్యాయి. సైరన్లు ఆపేశారు, పగటిపూట బండ్లు తిరుగుతున్నాయి. నేనే వెళతాను. వాడికి చెప్పను. నన్ను చూసి నోరు తెరవాలి.

నమోదు 47

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగినట్టే చెబుతాను.

మొదటిసారి నా బొమ్మను క్లాసులో కూర్చోబెట్టి కొలిమిగుండ్ల బండి ఎక్కాను. సారు పాఠం వినడానికి చెవియంత్రం పెట్టుకున్నాను. ఊరి మొదట్లోనే నీళ్ళ గొట్టాలు వేయడానికి కాలువ తవ్వుతున్నారు. కాలువలో మోకాళ్ళ దాకా బురదలో నిలబడి ఒకడు అరుస్తున్నాడు, "ఆ తాడు ఇడవాకు! గట్టిగా పట్టుకోప్పా!"

అదే సమయంలో నా చెవిలో మద్దిలేటి అన్నాడు, "సార్, ఇంగోసారి నిదానంగా."

కాలువలో మద్దిలేటి, చెవిలో మద్దిలేటి.

వాడు నన్ను చూసి ఒక్క గంతున గట్టెక్కాడు. "ఏమప్పా గిరీ! నువ్వేందిమే ఈడ? సెప్పకుండా వచ్చినావే!" ముఖం వెలిగిపోయింది. ఆ సంతోషం కూడా నిజమే.

"నువ్వు క్లాసులో ఉండావు కదరా" అన్నాను.

"నేనా? గుంత మూసినాక క్లాసు మొగమే సూళ్ళేదు మే. బొమ్మ పోతాంది కదా. డిగ్రీ వచ్చినాక నన్ను ఈ పనికి మేస్త్రీని జేచ్చారంట." నన్ను చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "నువ్వు దినామూ పోతాండావా ఏంది? ఎర్రిదానా, అంతమందిలో ఎవురూ పోరు మే ఇప్పుడు. అందరూ బొమ్మల్నే తోల్తాండారు."

వాడు చేతులు కడుక్కుంటుంటే నేను గట్టు మీద కూర్చుని అంతా చెప్పేశాను. దాచుకోవడానికి ఇంకేం మిగిలింది? ఏ రోజు ఏమన్నాడో, నేనేమన్నానో, ఆ పేరు కూడా. వాడి చేతులు కడగడం ఎప్పుడో అయిపోయింది, ఊరికే నీళ్ళు పోసుకుంటున్నాడు.

"ఆ మాటలు నావి కాదు మే" అన్నాడు చివరికి. "నాకట్ల మాట్లాడేది రాదు. అవి నువ్వు నేర్పిన మాటలు."

తెలుసు. చెవిలో బొమ్మ గొంతు విన్నప్పుడే తెలిసింది. అయినా వాడి నోటితో వింటే కొరడాతో కొట్టినట్టయింది.

అంతలో ఒకమ్మాయి సద్దిమూట తెచ్చింది. పేరు లింగేశ్వరి. కాలువ పనిలోనే కలిశారట, వచ్చే నెలలో పెళ్ళి. "గిరి అంటే నువ్వేనా అక్కా? నీ తిట్లు సెప్పి సెప్పి నవ్విచ్చాడు ఈయప్ప" అంటూ జొన్నరొట్టె, శెనిక్కాయల కారం నా చేతిలో పెట్టింది. మంచి పిల్ల. తిట్టుకోవడానికి కూడా ఏ వంకా దొరకలేదు. రొట్టె మొత్తం తిన్నాను, ఏం తిన్నానో తెలియకుండా.

బండి దాకా వాడొక్కడే వచ్చాడు.

"గుంతలో ఉన్నెప్పుడు నేను సెప్పింటే ఏమంటుంటివిరా?" అని అడిగాను.

అబద్ధం చెప్పడం రాదు వాడికి, ఒక్క బండోని నిద్ర గురించి తప్ప. "ఏమో మే. అప్పుడు అడిగింటే ఏమంటుంటినో నాకే తెలీదు. నువ్వు సెప్పలేదు కదా."

ఇక ఆగలేదు. నడిరోడ్డు మీద, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. వాడు అటూ ఇటూ చూశాడు, చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు.

"బండి వచ్చాంది" అన్నాడు. "కండ్లు తుడుసుకో."

ఎక్కాక కిటికీ దగ్గరికి వచ్చాడు. నేల చూస్తూ అన్నాడు, "గిరీ, కోపం జేసుకోవాకు. ఆ మాటలు తీసెయ్ మే. పెండ్లయినాక లింగేశ్వరి గూడా ఆ క్లాసు ఇంటా అంటాంది. నేర్పినోళ్ళే తియ్యాలంట, నాతో కాదు."

సరేనన్నాను.

నమోదు 48

ఈ రోజు క్లాసు మధ్యలో కుళ్ళాయప్ప సారును అడిగాను, "సార్, ఇక్కడ అందరూ బొమ్మలేనని మీకు తెలుసా?" ఎవరూ తల తిప్పి చూడలేదు. హుసేన్‌బీ అక్క ముఖం చక్కగా రాసుకుంటూనే ఉంది.

"తెలుసమ్మా" అన్నారు సారు. "నువ్వొక్కదానివే తప్పులు చెప్పేదానివి. మధ్యలో నవ్వేదానివి. నీకోసమే వచ్చేవాణ్ణి. నిన్న నువ్వు కూడా ఒక్క తప్పు చేయలేదు. అప్పుడే అనుకున్నా."

తర్వాత సారు పాఠం కొనసాగించారు, ఆపితే ఏం చేయాలో ఆయనకూ తెలియక.

నమోదు 49

తీసేయడం నేర్పినంత సులువు కాదు. నేర్పిన మాటను మళ్ళీ పైకి పలకాలి, పలికి కాదనాలి. బొమ్మ ఎదురుగా కూర్చుని వింటుంది, వాడి ముఖంతో.

"నువ్వు లేకపోతే నాకేం బాగలేదు మే" అన్నాను. "మద్దిలేటి ఇట్ల అనడు."

"తీసేశాను" అంది యంత్రం. "అయితే ఏమంటాడు?"

జవాబు చెప్పకపోతే ముందుకు కదలదు. "ఏమీ అనడు. నేను రాలేదని వానికి తెలియను గూడా తెలీదు."

ఆ పేరు పలికాను. నా నోటితో నేనే నన్ను ఆ పేరుతో పిలుచుకోవలసి వచ్చింది. "మద్దిలేటి ఇట్ల అనడు."

"అయితే ఏమని పిలుస్తాడు?"

"లీడరూ అంటాడు."

ఒక్కో మాటా పోతుంటే బొమ్మ ముఖం మారుతుందేమోనని చూశాను. ఏమీ మారలేదు, అదే నవ్వు. నన్ను మరిచిపోవడం దానికి ఏ కష్టమూ కాలేదు. చివరిది మిగిలింది.

"నేనుండా కదమే" అన్నాను. యంత్రం సరిగ్గా వినబడలేదని మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. "మద్దిలేటి ఇట్ల అనడు."

"తీసేశాను. గిరి ఏడిస్తే మద్దిలేటి ఏమంటాడు?"

ఈసారి ఊహించాల్సిన పని లేదు. చెప్పాను.

"సరిచూసుకోండి" అని యంత్రం తప్పుకుంది. తెర మీద వాడూ నేనూ మిగిలాం. నేను ఏమీ అడగలేదు, అడిగే ఓపిక లేదు, ఏడుస్తూ కూర్చున్నాను. వాడు నన్ను చూశాడు, అటూ ఇటూ చూశాడు.

"బండి వచ్చాంది" అన్నాడు. "కండ్లు తుడుసుకో."

తుడుచుకున్నాను.